క్రైస్తవ నాయకత్వంలో వినయము, లౌకికాధికారము

క్రైస్తవ సంఘాన్ని నడిపించేవారు సేవకులుగా ఉండాలా, లేక పాలకులుగా ఉండాలా అనే ప్రశ్న ఆ మతములో యేసు శిష్యుల కాలమునుండి ఉన్నది. సంఘ నాయకుడు దాసునివలె ఉండాలని క్రైస్తవ గ్రంథాలు బోధిస్తాయి. అయితే చరిత్రలో సంఘాలకు భూములు, భవనాలు, విద్యాలయాలు, ఆసుపత్రులు సమకూరిన కొద్దీ నాయకుల పదవులకు లౌకికాధికారము కూడా వచ్చి చేరింది. ఈ రెంటి మధ్య ఘర్షణ ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల క్రైస్తవ చరిత్రలో స్పష్టముగా కనిపిస్తుంది. ఇందుకు మంచి ఉదాహరణ పూర్వపు మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11న మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విభజింపబడిన ఈ ప్రాంతములో మెదక్ కెథడ్రల్ వంటి పెద్ద చర్చి, సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక వాడలలోని అద్దె గదుల ప్రార్థనా కూటములు రెండూ కలవు.

పదజాలము

తెలుగు బైబిలులో సంఘ నాయకులకు వాడిన పదాలు అధ్యక్షుడు, పెద్ద, కాపరి, పరిచారకుడు. గ్రీకు మూలములో అధ్యక్షునికి "ఎపిస్కోపోస్" అనే పదము ఉన్నది. పైనుండి చూచుకొనేవాడు, పర్యవేక్షకుడు అని దీని అర్థము. బిషప్ అనే మాట దీనినుండే వచ్చింది. పరిచారకునికి మూలములో ఉన్న "డయాకోనోస్" అనే పదానికి భోజనపు బల్లవద్ద వడ్డించేవాడు అనే అర్థము కూడా ఉన్నది. పాస్టర్ అనే లాటిన్ మాటకు గొర్రెల కాపరి అని అర్థము. ఈ పదాలేవీ రాజాస్థానమునుండి వచ్చినవి కావు. ఇంటిపని, పశువుల మేపు, పనివారి పర్యవేక్షణ వంటి దైనందిన జీవితమునుండి వచ్చినవి.

వాడుకలో మాత్రము వేరే పదాలు స్థిరపడ్డాయి. తెలుగు సంఘాలలో పాస్టరును "అయ్యగారు" అని, ఆయన భార్యను "అమ్మగారు" అని పిలవడము పరిపాటి. బ్రిటిషు మిషనరీలను ప్రజలు "దొర", "దొరసాని" అని పిలిచేవారు. నిజాం పాలనలోని తెలంగాణ గ్రామాలలో దొర అంటే భూస్వామి. వెట్టి చేయించుకొనే అధికారము, శిక్షించే అధికారము గలవాడు. సువార్త చెప్పవచ్చిన వ్యక్తికీ, వెట్టి చేయించే వ్యక్తికీ ఒకే పిలుపు ఉండటము ఈ అంశములోని చిక్కును తెలియజేస్తుంది. ఈ పిలుపు మిషనరీలు కోరి తెచ్చుకొన్నది కాదు. అప్పటి గ్రామ సమాజములో ఆ స్థానములో ఉన్న మనిషిని పిలవడానికి ప్రజలకు తెలిసిన మాట అదే.

బైబిలులో

ఈ అంశానికి సంబంధించి ఎక్కువగా ప్రస్తావించబడే భాగాలు క్రిందివి.

మార్కు సువార్త 10వ అధ్యాయము: జెబెదయి కుమారులైన యాకోబు, యోహాను యేసుకు రాబోవు మహిమలో ఆయన కుడి ఎడమల ఆసనాలను కోరారు. తక్కిన పదిమంది శిష్యులు వారిపై కోపగించుకొన్నారు. యేసు అందరినీ పిలిచి, అన్యజనుల అధికారులు ప్రజలపై ప్రభుత్వము చేస్తారని, శిష్యుల మధ్య ఆ పద్ధతి ఉండరాదని, ముఖ్యుడు కాగోరేవాడు అందరికీ దాసుడు కావాలని చెప్పాడు.

యోహాను సువార్త 13వ అధ్యాయము: పస్కా పండుగకు ముందు యేసు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు. ఆ కాలములో అది ఇంటి దాసుని పని. పేతురు మొదట అందుకు ఒప్పుకొనలేదు. ఈ సందర్భములో యేసు తాను బోధకుడను, ప్రభువును కానని అనలేదు. ఆ స్థానములో ఉంటూనే పాదాలు కడిగాడు. అందువలన క్రైస్తవ వినయము అంటే బాధ్యతను వదలివేయడము కాదని వ్యాఖ్యాతలు చెబుతారు.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము: దేవుని స్వరూపము గల క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసికొని దాసుని రూపము ధరించాడని పౌలు వ్రాశాడు. దీనిని వేదాంతములో "కెనోసిస్" అంటారు.

పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయము: పెద్దలు దుర్లాభము కోసము గాని, ప్రభువులమన్నట్లు గాని మందను కాయరాదని, మందకు మాదిరిగా ఉండాలని ఇందులో ఉన్నది. మొదటి శతాబ్దపు చిన్న సంఘాలలోనే ధనము, పెత్తనము అనే రెండు సమస్యలు ఉన్నట్లు దీనివలన తెలుస్తున్నది.

ఐరోపా చరిత్రలో

సామాన్య శకము 313లో రోమను చక్రవర్తి కాన్‌స్టాంటైన్ క్రైస్తవులకు మత స్వేచ్ఛ కల్పించిన తరువాత బిషప్పులకు రాజ్యములో స్థానము ఏర్పడింది. ఆరవ శతాబ్దాంతములో పోపు మొదటి గ్రెగొరీ "దేవుని దాసులకు దాసుడు" అనే బిరుదును ఉపయోగించాడు. ఆ తరువాతి పోపులు ఆ బిరుదును వదలలేదు, రాజ్యాధికారాన్నీ వదలలేదు. 1077లో జర్మనీ రాజు నాలుగవ హెన్రీ ఇటలీలోని కనోస్సా కోటవద్ద పోపు ఏడవ గ్రెగొరీ క్షమాపణ కోసము మంచులో వేచి ఉన్నాడు. అక్కడ వినయము రాజుది, అధికారము మతగురువుది. 13వ శతాబ్దములో అస్సీసీకి చెందిన ఫ్రాన్సిస్ ఆస్తిని వదలుకొని బీదరికాన్ని ఎంచుకోవడము ఇటువంటి వైభవానికి భిన్నమైన మార్గాన్ని చూపింది.

పవిత్ర గురువారమునాడు పాదాలు కడిగే ఆచారము ఇప్పటికీ అనేక సంఘాలలో కొనసాగుతున్నది. 2013లో పోపు ఫ్రాన్సిస్ ఈ కార్యక్రమాన్ని రోము నగరములోని బాల నేరస్థుల కారాగారములో జరిపాడు. పాదాలు కడిగించుకొన్నవారిలో స్త్రీలు, ముస్లిములు కూడా ఉన్నారు. ఎవరి పాదాలు కడుగుతున్నారు అన్నదానిపైనే ఆ ఆచారము యొక్క అర్థము ఆధారపడి ఉంటుందని ఈ సంఘటన గుర్తుచేసింది.

మెదక్ ప్రాంతములో మిషనరీల కాలము

వెస్లియన్ మెథడిస్టు మిషన్ 19వ శతాబ్దము చివరి భాగములో సికింద్రాబాదు కేంద్రముగా నిజాం రాజ్యములో పని ప్రారంభించింది. 1890లలో ఈ ప్రాంతానికి వచ్చిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను తన ముఖ్య కేంద్రముగా చేసుకొన్నాడు. సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు, వెట్టివారు. వీరికి మిషన్ బంగళా ఒక ఆశ్రయము. పాఠశాల, వైద్యము, అధికారులవద్ద మాట చెప్పగల మనిషి అక్కడ దొరికేవారు. అదే కారణముచేత బంగళా మరొక అధికార కేంద్రము కూడా అయింది. ఉపాధ్యాయుల, గ్రామ బోధకుల నియామకము, జీతము, బదిలీ అన్నీ మిషనరీ చేతిలో ఉండేవి.

మెదక్ కెథడ్రల్

మెదక్ చర్చి నిర్మాణము 1914లో మొదలై 1924లో పూర్తి అయినది. 1924 డిసెంబరు 25న దీనిని ప్రతిష్ఠించారు. భవనము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చొనగలరు. దీని రంగుటద్దాల కిటికీలను ఇంగ్లండుకు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించాడు.

కరవు కాలములో ఆకలితో ఉన్న ప్రజలకు ఉచితముగా అన్నము పెట్టుటకు బదులు పని కల్పించి కూలి ఇచ్చే ఉద్దేశముతో పోస్నెట్ ఈ నిర్మాణము చేపట్టాడని చెబుతారు. ఈ విధముగా చూస్తే ఇది సేవకు గుర్తు. ఐరోపా గోతిక్ శైలిలో, చుట్టుపక్కల గుడిసెలున్న పల్లెల నడుమ లేచిన ఎత్తైన గోపురముగా చూస్తే ఇది వైభవానికి గుర్తు. ఈ రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. అంటరానితనము వలన గుడిలోనికి రానీయబడని కూలీలకు, తమ చేతులతో కట్టిన ఆ పెద్ద మందిరములో కూర్చునే హక్కు లభించడము మూడవ విషయము. వారి విషయములో ఆ వైభవము పాలకుని గొప్పతనము కాక తమ గౌరవము.

2024 డిసెంబరు 25న జరిగిన చర్చి శతాబ్ది క్రిస్మస్ వేడుకలకు ముఖ్యమంత్రి ఎనుముల రేవంత్ రెడ్డి హాజరయ్యాడు. నూరేండ్లలో ఈ చర్చికి ఏర్పడిన ప్రజాజీవిత ప్రాముఖ్యానికి ఇది సూచన.

డిచ్‌పల్లి కుష్ఠు చికిత్సాలయము

అదే మిషన్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాదు సమీపములోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల కోసము చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పారు. హిందువైన రాజా నర్సాగౌడ్ దీనికి విరాళమిచ్చాడు. అప్పటికి కుష్ఠురోగులను ఊరినుండి వెలివేసేవారు. ముట్టుకొనుటకు ఎవరూ సాహసించని శరీరాలకు ఇక్కడ కట్లు కట్టారు, చాల్‌మూగ్రా జాతి నూనెతో సూదిమందు ఇచ్చారు. ఇసబెల్ కెర్ 1932లో మరణించింది. పాదాలు కడగడము అనే బైబిలు దృశ్యానికి ఈ ప్రాంతములో అతి దగ్గరి రూపముగా ఈ సంస్థను పేర్కొనవచ్చును.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య

మిషనరీలకు, స్థానిక క్రైస్తవులకు మధ్యగల అంతరాన్ని బహిరంగముగా ప్రశ్నించినవారిలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఈయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళైలో ఒక గ్రామ పాస్టరు కుమారుడుగా జన్మించాడు. 1909లో గురువుగా అభిషిక్తుడై నిజాం రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని పనిచేశాడు.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య ప్రసంగించాడు. విదేశీ మిషనరీలు తమ ధనాన్ని, ప్రాణాన్ని సహితము ఇస్తున్నారని ఒప్పుకొంటూనే, భారతీయ సహచరులను సమానులుగా చూడటములేదని, తమకు కావలసినది స్నేహమని కోరాడు. సభలో చాలామందికి ఇది కష్టము కలిగించింది. దానము చేసేవానిలోనూ అహంకారము ఉండవచ్చునని, ఇచ్చే చేయి పైన, పుచ్చుకొనే చేయి క్రింద ఉన్నంతవరకు సమానత్వము రాదని ఈ ప్రసంగము తెలిపింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఈయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఈయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకానికి అండగా నిలువగా, కొందరు ఐరోపా మిషనరీలు భారతీయుని అధికారము క్రింద పనిచేయడానికి ఇష్టపడలేదు. ఎవరికి వినయము అవసరమో ఈ సందర్భములో తారుమారైంది.

అజరయ్య ఎద్దుబండిపై పల్లెలు తిరిగేవాడు. సంఘము విదేశీ ధనముపై ఆధారపడరాదని బోధించేవాడు. ఇంటి ఇల్లాండ్రు వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యము తీసి సంఘానికి ఇచ్చే పద్ధతి ఆ ప్రాంతములో వ్యాపించింది. కూలి కుటుంబము కూడా ఇచ్చేవారి వరుసలో నిలబడటము దీనివలన సాధ్యమైంది. ఈయన దోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడినది. ఇందులో హిందూ, ఇస్లామీయ వాస్తు రీతులు కలిసి ఉన్నాయి. మెదక్ గోతిక్ గోపురముతో పోల్చి చూసినప్పుడు ఇది స్థానిక సంస్కృతికి తలవంచిన నిర్మాణముగా కనిపిస్తుంది.

1932 కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను ప్రకటించినప్పుడు అజరయ్య వాటిని వ్యతిరేకించాడు. సంఘము రాజకీయ పక్షముగా మారకూడదనేది ఈయన అభిప్రాయము. మరొకవైపు సామూహిక మతాంతరీకరణల విషయములో మహాత్మా గాంధీ ఈయన కృషిని విమర్శించాడు. పేద కులాలవారి సంఖ్యతో మతము బలపడటము కూడా ఒక లౌకికబలమేనన్న అనుమానము ఆ విమర్శలో ఉన్నది. తమ దారి తామే ఎంచుకొనే హక్కు దళితులకు ఉన్నదనే వాదన దానికి ఎదురుగా నిలిచింది. అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు.

దక్షిణ ఇండియా సంఘము

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడ్డాయి. మెదక్ డయోసిస్ అప్పుడు ఏర్పడినది. ఫ్రాంక్ విట్టేకర్ మెదక్ మొదటి బిషప్పు. ఇందులో చేరిన మెథడిస్టులకు అంతకుముందు బిషప్పులు లేరు. ఒకే మనిషి చేతికి అధికారము పోతుందనే భయము వారిలోను, కాంగ్రిగేషనల్ సంఘాలవారిలోను ఉండేది. అందువలన సంఘ నిబంధనావళి ప్రకారము పనిచేసే, సభలకు జవాబుదారియైన బిషప్పు పదవిని అంగీకరించారు. పాస్టరేట్ కమిటీ, డయోసిస్ కౌన్సిల్, సినడ్ అనే మూడు స్థాయిల సభలలోనూ సామాన్య సభ్యులకు స్థానము కల్పించారు.

ఈ సంఘములో బిరుదును ఆంగ్లములో "బిషప్ ఆఫ్ మెదక్" అనకుండా "బిషప్ ఇన్ మెదక్" అని వ్రాసే సంప్రదాయము ఏర్పడింది. బిషప్పు మెదక్‌కు అధిపతి కాడు, మెదక్‌లో ఉన్న బిషప్పు అని దీని భావము. ఒక చిన్న మాటను మార్చి పదవి స్వభావాన్ని గుర్తుచేసే ప్రయత్నమిది.

తరువాతి కాలములో సామాజిక అడ్డుగోడలు కొన్ని తొలగాయి. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తురాలై, దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవి పొందిన తొలి మహిళ అయింది. రోమను కేథలిక్ సంఘములో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు. తెలుగువారిలోను, దళితులలోను ఈయనే మొదటి కార్డినల్. తరతరాలుగా అవమానము పొందినవారు ఉన్నత పదవికి రావడము అధికారపు ఆశ కాదని, న్యాయమని దీనిని చాలామంది స్వాగతించారు.

అయితే నిబంధనావళి ఉన్నంతమాత్రాన సమస్య తీరలేదు. నగరాల నడిబొడ్డున ఉన్న భూములు, పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులు, వాటిలోని ఉద్యోగాలు బిషప్పు కార్యాలయానికి పెద్ద ఆర్థిక బలాన్ని ఇస్తాయి. ఎన్నికలు వర్గపోరాటాలుగా మారి కోర్టులకు చేరడము పలు డయోసిస్‌లలో జరిగింది. 2022లో సినడ్ బిషప్పుల పదవీ విరమణ వయస్సును 67 నుండి 70 సంవత్సరాలకు పెంచుతూ చేసిన సవరణ మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలకు దారితీసింది. 2024లో ఆ న్యాయస్థానము సంఘ పరిపాలనను చూచుటకు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులతో కమిటీని నియమించింది.

సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతము

హైదరాబాదుకు పడమర దిక్కున, 65వ నంబరు జాతీయ రహదారి వెంట ఉన్న ఈ ప్రాంతము 1960లలో రామచంద్రాపురము భెల్ కర్మాగారముతో మారడము మొదలైంది. 1972లో పటాన్‌చెరువద్ద ఇక్రిశాట్, తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారము వచ్చాయి. ఉపాధి కోసము ఇతర జిల్లాలనుండి, ఇతర రాష్ట్రాలనుండి కార్మికులు వచ్చి స్థిరపడ్డారు.

ఇక్కడ రెండు విధాలైన సంఘ నాయకత్వము పక్కపక్కనే కనిపిస్తుంది. మొదటిది డయోసిస్ సంఘాలది. వీటిలో పాస్టరును డయోసిస్ నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. ఆస్తి పాస్టరుది కాదు. జీతము, లెక్కలు కమిటీ చూస్తుంది. దీనిలో జవాబుదారీతనము ఉన్నది గాని, మంచి పాస్టరేటు కోసము పైవారిని ప్రసన్నము చేసుకోవలసిన పరిస్థితి కూడా ఏర్పడవచ్చును.

రెండవది స్వతంత్ర సంఘాలది. ఒక వ్యక్తి అద్దె గదిలోనో, రేకుల షెడ్డులోనో ప్రార్థన ప్రారంభించి సంఘాన్ని పెంచుతాడు. అటువంటి పాస్టర్లలో పలువురు తామే వేరొక పని చేసుకొంటూ, జబ్బుపడిన కార్మికుని ఇంటికి, ప్రమాదము జరిగిన ఇంటికి ముందుగా వెళ్ళేవారు. బిరుదులు, కార్యాలయము ఏమీ లేని ఈ దశలో నాయకుడు సభ్యులవలెనే జీవిస్తాడు. సంఘము పెద్దదైన తరువాత స్థలము ఎవరి పేరున ఉన్నది, కానుకల లెక్క ఎవరు చూస్తారు, తరువాత నాయకుడు ఎవరు అనే ప్రశ్నలు వస్తాయి. స్థాపకుని కుటుంబమే ట్రస్టు అయినచోట అడగగలిగే సభ ఏదీ ఉండదు. వ్యక్తిగతముగా వినయవంతుడైన నాయకుడు కూడా ఇటువంటి ఏర్పాటులో ప్రశ్నకు అతీతుడవుతాడు.

హైదరాబాదులో 1950లో హెబ్రోను కేంద్రాన్ని స్థాపించిన భక్తసింగ్ ఈ విషయములో వేరొక దారి చూపాడు. ఈయన ప్రారంభించిన సహవాసాలలో జీతగాండ్రైన గురువులుగాని, బిషప్పులుగాని ఉండరు. స్థానిక పెద్దలు కలిసి సంఘాన్ని నడుపుతారు. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న మరణించాడు.

విమర్శ

వినయము అనే బోధపైనే విమర్శ కూడా కలదు. 1980లలో ఎ.పి. నిర్మల్ తదితరుల రచనలతో రూపొందిన దళిత వేదాంతము ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. వెట్టి చేసినవానికి, తలవంచి నిలబడటమే అలవాటైనవానికి తగ్గించుకొనమని చెప్పడము అన్యాయాన్ని భరించమని చెప్పడమే అవుతుంది. బైబిలులో తన్ను తాను రిక్తునిగా చేసికొన్నవాడు అధికారము గలవాడు. కాబట్టి వినయపు బోధ ముందుగా వర్తించేది వేదికపై కూర్చున్నవారికి, క్రింద కూర్చున్నవారికి కాదు. సంఘ సభ్యుడు లెక్క అడిగినప్పుడు అతనికి వినయము లేదని నోరు మూయించడము ఈ బోధకు విరుద్ధము.

ఈ చరిత్రను బట్టి చూస్తే నిరాడంబరమైన వేషము, మృదువైన మాట మాత్రమే వినయానికి కొలతలు కావు. నాయకుడు ఎవరి మధ్య జీవిస్తాడు, ఎవరికి లెక్క చెబుతాడు, తనను ప్రశ్నించినవారితో ఎలా వ్యవహరిస్తాడు, గడువు తీరినప్పుడు పదవిని వదలగలడా అన్నవి ముఖ్యమైన కొలతలు. దొర అనే పిలుపు వాడుకలో తగ్గినా, దొరతనము తిరిగి రాకుండా చూచుకోవడము పల్లె సంఘానికీ, పారిశ్రామిక వాడలోని సంఘానికీ సమానముగా వర్తించే విషయము.

ఇవి కూడా చూడండి

మెదక్ కెథడ్రల్
దోర్నకల్
దక్షిణ ఇండియా సంఘము
భక్తసింగ్
సంగారెడ్డి జిల్లా